పైకోర్టుకి వెళ్లేది మనం కాదు, మన కాగితం

(పోయిన ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ సివిల్ ప్లీడరు గారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలున్నాయి. ముందు వరుసలో కూర్చుంటే ప్రశ్నలేస్తానని భయమా? వేయను. నలభై ఏళ్లు వేశాను, ఓపిక అయిపోయింది. మీరే నన్ను అడగండి.

అప్పీళ్ల గురించి చెప్పమన్నారు. కింది కోర్టులో ఓడిపోతే పైకోర్టుకి ఎలా వెళ్లాలి, ఇదీ నాకిచ్చిన విషయం. ఒక మాట ముందే చెప్పేస్తాను. పైకోర్టుకి మీరు వెళ్లరు. అదేంటి సార్, అప్పీలంటేనే పైకోర్టుకి వెళ్లడం కదా అంటారా? మీరు బస్సెక్కి వెళ్లొచ్చు, కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ జడ్జిగారు మిమ్మల్ని బోనెక్కించి "ఏం జరిగిందయ్యా" అని అడగరు. మీ సాక్షుల్ని పిలవరు. అక్కడికి వెళ్లేది మీ కాగితం. కింది కోర్టులో రాసిన వాంగ్మూలాలు, నంబర్లు వేసిన దస్తావేజులు, ఆ తీర్పు. ఆ కట్ట వెళ్తుంది. పైకోర్టు ఆ కట్ట చదువుతుంది. ఆ కట్టలో లేనిది అక్కడ లేదు.

నా దగ్గరికి వచ్చినవాళ్లు అనే మాట ఒకటే. "సార్, ఇక్కడ మనకి అన్యాయం జరిగింది. హైకోర్టులో మొత్తం చెప్పుకుందాం." మొత్తం అంటే ఏంటయ్యా? "మా పెదనాన్న బీరువాలో పాత పంపకాల కాగితం ఉంది సార్. ఇక్కడ పెట్టలేదు. అక్కడ పెడదాం." ఇక్కడెందుకు పెట్టలేదు? "అవసరం పడదనుకున్నాం సార్."

అవసరం పడదనుకున్నారు! సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 41వ ఆర్డరు, 27వ రూలు అని ఒకటుంది. అప్పీల్లో కొత్త సాక్ష్యం ఎప్పుడు తీసుకుంటారో అందులో రాసుంది. కింది కోర్టు తీసుకోవాల్సిన కాగితాన్ని తీసుకోకుండా తిప్పి పంపితే తీసుకుంటారు. ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పుడు దొరకలేదని మీరు రుజువు చేస్తే తీసుకుంటారు. లేదూ, ఈ కాగితం చూడకుండా తీర్పు చెప్పలేనని పైకోర్టు జడ్జిగారికే అనిపిస్తే తీసుకుంటారు. పెదనాన్న బీరువా ఈ మూడిట్లో దేని కిందికి వస్తుంది? దేని కిందికీ రాదు. కేసు ఓడిపోయాక బీరువా తెరవడానికి చట్టంలో రూలు లేదు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నా తప్పే. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక పొలం దావా. మా సాక్షి ముసలాయన, బోనెక్కి తెలుగులో చెప్పాడు, "మా నాయన ఆ చెక్క వాళ్లకి వదిలేశాడండీ." ఆయన ఉద్దేశం ఏంటి? సాగు చేసుకోమని వదిలేశాడు, కౌలుకి. మన పల్లెల్లో అలాగే అంటాం కదా, "చేను ఫలానా వాళ్లకి వదిలేశాం" అని. కోర్టులో అది ఇంగ్లీషులోకి వెళ్లింది. ఇంగ్లీషులో ఏమని పడింది? హక్కు వదులుకున్నాడని పడింది. వాంగ్మూలం చదివి వినిపించారు, ముసలాయన సంతకం పెట్టాడు, నేను పక్కనే ఉన్నాను, పట్టుకోలేదు. అప్పుడే లేచి "అయ్యా, ఆ మాటకి అర్థం అది కాదు" అని ఉంటే ఒక్క నిమిషంలో సరిచేసేవారు. అప్పీల్లో అరగంట వాదించాను. జడ్జిగారు ఓపిగ్గా విని, "ప్లీడరు గారూ, మీ సాక్షే చెప్పాడు కదా" అన్నారు. ఏం చెప్పను? ఆ ముసలాయన గొంతు, ఆయన చెయ్యి ఊపిన తీరు అక్కడికి రావు కదా. కాగితం మీద ఉన్న మాట ఒక్కటే వచ్చింది.

మన తాతల కాలంలో ఈ కాగితం ఎంత దూరం వెళ్లేదో తెలుసా? లండన్ వెళ్లేది. నిజం. 1949 అక్టోబరు దాకా మన ఆఖరి కోర్టు లండన్‌లోని ప్రీవీ కౌన్సిలే. కోనసీమ కొబ్బరితోట తగాదా అయినా సరే, డబ్బూ ఓపికా ఉంటే సముద్రం దాటేది. పిఠాపురం వాళ్ల కేసొకటి చెప్తాను. లా చదివే ప్రతి కుర్రాడూ ఈ కేసు చదవకుండా పాసవడు. పాకాల నారాయణస్వామి కేసు.

1937 మార్చి. పూరీ రైల్వే స్టేషన్. మూడో తరగతి పెట్టెలో ఒక స్టీలు ట్రంకు పెట్టె, ఎవరిదో తెలీదు, దిగిపోయారు. తెరిచి చూస్తే మనిషి శవం, ముక్కలు ముక్కలుగా. పిల్లలెవరైనా ఉన్నారా? సరే, అంతకంటే చెప్పను. ఆ చనిపోయినాయన పిఠాపురం వాడు, దివాన్ గారి దగ్గర బంట్రోతు. దివాన్ గారి కూతురు, అల్లుడు బరంపురంలో కాపురం. ఆ అమ్మాయి ఈయన దగ్గర మూడు వేలు అప్పు తీసుకుంది, నూటికి పద్దెనిమిది వడ్డీకి. ఒక రోజు ఈయనకి ఉత్తరం వచ్చింది, బరంపురం రమ్మని. కింద సంతకం లేదు. ఆ ఉత్తరం పెళ్లానికి చూపించి, "బాకీ ఇస్తారట, బరంపురం వెళ్తున్నా" అని చెప్పి రైలెక్కాడు. రెండో నాటికి పూరీలో ఆ పెట్టె.

అల్లుడి మీద కేసు పెట్టారు. బరంపురం సెషన్సు కోర్టు ఉరి వేసింది. అక్కడి నుంచి అప్పీలు ఏ హైకోర్టుకి వెళ్లిందనుకుంటున్నారు? మద్రాసా? కాదు. పట్నా! అంతకు ముందు ఏడాదే, 1936లో, బరంపురం ఉన్న గంజాం జిల్లాని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపారు. ఒరిస్సాకి అప్పటికి సొంత హైకోర్టు లేదు, పట్నాయే. చూడండి, గీత ఎక్కడ గీస్తే అప్పీలు అటు పోతుంది. పట్నా హైకోర్టు ఉరి ఖాయం చేసింది. అక్కడి నుంచి లండన్.

లండన్‌లో కూర్చున్న ఆ దొరలు పిఠాపురం చూశారా? లేదు. ఆ పెళ్లాం ఏడుస్తూ చెప్పిన సాక్ష్యం విన్నారా? లేదు. వాళ్ల ముందు ఉన్నది అచ్చు వేసిన పుస్తకం, కింది కోర్టు రికార్డు. వాళ్లు పట్టుకున్నవి ప్రధానంగా రెండు. ఒకటి, "బరంపురం వెళ్తున్నా, బాకీ ఇస్తారట" అని మొగుడు పెళ్లానికి చెప్పిన మాట. చనిపోయినవాడి మాటని సాక్ష్యంగా తీసుకోవచ్చా? అప్పటికి ఆయన చావుబతుకుల్లో లేడు కదా, బాగానే ఉన్నాడు కదా అని ముద్దాయి తరపు వాదన. తీసుకోవచ్చన్నారు, అతని చావుకి దారితీసిన సంగతుల్లో ఆ ప్రయాణం ఒకటి కాబట్టి. రెండు, ముద్దాయి పోలీసులకి చెప్పిన మాట, "అతను మా ఇంటికి వచ్చాడు, మర్నాడు వెళ్లిపోయాడు" అని. దాన్ని తీసుకోకూడదన్నారు. కింది కోర్టుల్లో దాన్ని సాక్ష్యంలో కలిపేశారు, అది తప్పన్నారు.

ఇప్పుడు చెప్పండి. కింది కోర్టు తప్పు చేసిందని పైకోర్టే చెప్పింది. మరి ముద్దాయి గెలవాలా వద్దా? గెలవాలి అంటారా? గెలవలేదు. 1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్తూ, ఆ మాట పక్కన పెట్టేసినా మిగతా సాక్ష్యం సరిపోతుందన్నారు. అప్పీలు కొట్టేశారు.

ఇది ఎందుకు చెప్పానంటే, మనవాళ్లు కింది తీర్పులో ఒక తప్పు దొరకగానే గెలిచేశాం అనుకుంటారు. తారీఖు తప్పు రాశారు సార్, నా పేరు తప్పు పడింది సార్. ఆ తప్పు తీసేస్తే తీర్పు నిలుస్తుందా, కూలుతుందా? పైకోర్టు చూసేది అది.

సరే, ఇక మెట్ల సంగతి. ఇది గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే మీ ప్లీడరు ఎలాగూ చెప్తాడు. జూనియర్ సివిల్ జడ్జి, అంటే మన పెద్దవాళ్లు మునసబు కోర్టు అనేవారు, అక్కడ ఓడితే మొదటి అప్పీలు జిల్లాలోనే. పెద్ద విలువ దావాలైతే నేరుగా హైకోర్టు. మన హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది, 1956లో హైదరాబాద్ పోయింది, 2019 జనవరి 1 నుంచి మళ్లీ ఇటొచ్చింది, ఇప్పుడు అమరావతిలో నేలపాడులో ఉంది. తెలంగాణ వాళ్లది హైదరాబాద్‌లోనే. మా గురువుగారి మాటల్లో చెప్పాలంటే, కేసు ఒకచోటే ఉంటుంది, హైకోర్టే తిరుగుతూ ఉంటుంది.

అసలు మెట్టే లేని సందర్భాలు కూడా ఉన్నాయి, అవి గుర్తుపెట్టుకోండి. రాజీ పడి సంతకాలు పెట్టి డిక్రీ, అంటే తీర్పు మీద కోర్టు ఇచ్చే ఆర్డరు, తీసుకుంటే దాని మీద అప్పీలు లేదు. లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే అక్కడి తీర్పు, అయితే అప్పీలు లేదు. లోక్ అదాలత్ మంచిదే, నేను వద్దనట్లేదు. ఇంటికెళ్లాక బావమరిది తిడితే అప్పుడు నా దగ్గరికి రాకండి.

ఇప్పుడు రోజుల లెక్క. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే కేసులు పోయేది ఇక్కడే. జిల్లాలో వేసే అప్పీలుకి 30 రోజులు, హైకోర్టులో వేసే సివిల్ అప్పీలుకి 90 రోజులు. తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెడతారు కదా, ఆ నకలు తయారవడానికి పట్టిన రోజులు కూడా తీసేస్తారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఎక్కడ బోల్తా పడతారో చూడండి.

జూలై 1న తీర్పు. జూలై 10న నకలుకి పెట్టాడు. జూలై 24కి నకలు తయారైంది. మనవాడు తీరిగ్గా ఆగస్టు 13న వెళ్లి తెచ్చుకున్నాడు. నాట్లు పడుతున్నాయి కదా, ఖాళీ ఎక్కడ? ఇప్పుడు అతని లెక్క ఏంటి? "జూలైలో ఎనిమిది రోజులు వాడుకున్నాను, ఇంకా 22 రోజులున్నాయి" అనుకుంటాడు. లేవు! నకలు తయారైన రోజుతో ఆ మినహాయింపు ఆగిపోయింది. మీరు తెచ్చుకున్న రోజుతో కోర్టుకి పని లేదు. జూలై 10 నుంచి 24 దాకా 15 రోజులే తీసేస్తారు. అంటే గడువు ఆగస్టు 15. ఆ రోజు ఎలాగూ సెలవు కాబట్టి కోర్టు మళ్లీ తెరిచిన రోజు వేయొచ్చు, జెండా పండగ పుణ్యమా అని ఒకటి రెండు రోజులు కలిసొచ్చాయి. 22 రోజులెక్కడ, ఇదెక్కడ?

నకలు మీద ఒక ముద్ర ఉంటుంది, ఎవరైనా చూశారా? దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ. తీర్పు చదివే ముందు అది చదవండి. స్టాంపులు అడిగాక మీరు కట్టకుండా కాలయాపన చేస్తే ఆ రోజులు కూడా మీ ఖాతాలోనే పడతాయి. ఈమధ్య కుర్రాళ్లు ఫోన్ చూపిస్తున్నారు, ఈకోర్ట్స్‌లో, అదే కోర్టుల వెబ్‌సైట్‌లో, తీర్పు వచ్చేసింది తాతయ్యా అని. చదువుకోడానికి బానే ఉంటుంది. అప్పీలుకి జతచేయాల్సింది సర్టిఫైడ్ కాపీ, దానికి దరఖాస్తు పెట్టాల్సిందే.

గడువు దాటితే? తలుపు మూసేయరు. ఆలస్యం మన్నించమని పిటిషన్ వేసుకోవచ్చు, లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్. 1987లో సుప్రీంకోర్టు, అనంతనాగ్ భూసేకరణ కేసులో, చాలా పెద్ద మనసుతో మాట్లాడింది. ప్రతి రోజుకీ కారణం చెప్పమంటారు, అలాగైతే ప్రతి గంటకీ, ప్రతి సెకనుకీ చెప్పమనరేం అని అడిగింది. దాన్ని పట్టుకుని మేం ప్లీడర్లం చాలా ఏళ్లు బతికాం. అయితే ఆ పెద్ద మనసు అందరికీ ఎప్పుడూ దొరకదు. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వస్తే అదే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఫైలు బల్లల మీద తిరుగుతోందంటే కుదరదంది. గవర్నమెంటుకే దిక్కు లేకపోతే మనకెంత?

జ్వరం వచ్చిందని అందరూ రాస్తారు. జ్వరం సర్టిఫికెట్ చూసి జడ్జిగారు నవ్వుకుంటారు. నిజంగా జరిగింది రాయండి.

ఇప్పుడు అప్పీలు వేశారు. ఇంటికొచ్చి నిద్రపోయారు. తెల్లారేసరికి అమీనా, అంటే కోర్టు ఆర్డరు అమలు చేసే మనిషి, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, పొలం స్వాధీనం చేయమని. "అదేంటి, అప్పీలు వేశాం కదా!" వేశారు. స్టే తెచ్చుకున్నారా? అప్పీలు వేసినంత మాత్రాన కింది డిక్రీ ఆగదు. చట్టంలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. స్టే వేరే అడగాలి, ఆగకపోతే నాకు తీరని నష్టం అని చూపించాలి. డబ్బు డిక్రీ అయితే కొంత కోర్టులో కట్టమనో, పూచీ ఇమ్మనో అంటారు. పైగా అప్పీలుకి కోర్టు ఫీజు దావాకి కట్టినంత మళ్లీ కట్టాలి, మీరు ప్రశ్నిస్తున్న భాగం విలువ మీద. ఇవన్నీ చేతిలో పెట్టుకుని రండి.

గెలిచినవాళ్లకి కూడా ఒక మాట. గెలిచి ఊరేగింపు చేసుకోకండి. అవతలివాడు మీకు తెలియకుండా వెళ్లి స్టే తెచ్చుకోకుండా కేవియట్ వేసుకోండి. నాకు చెప్పకుండా, నా మాట వినకుండా ఆర్డరు ఇవ్వకండి అని ముందే చీటీ పెట్టుకోవడం అన్నమాట. 90 రోజులు పనిచేస్తుంది. తర్వాత మళ్లీ వేసుకోవాలి.

మొదటి అప్పీల్లో జడ్జిగారు సాక్ష్యం కూడా చూస్తారు, చట్టం కూడా చూస్తారు. మొదటి అప్పీలే మీకు నిజమైన రెండో అవకాశం. దాని తర్వాత సెకండ్ అప్పీలు, హైకోర్టులో. 1976లో చట్టం మార్చారు. అప్పటి నుంచి సెకండ్ అప్పీల్లో ముఖ్యమైన చట్ట ప్రశ్న ఒకటి ఉంటేనే తీసుకుంటారు. గట్టు ఎవరిది, సంతకం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, ఇవి వాస్తవాలు. కింద రెండు కోర్టులూ గట్టు వాళ్లదే అన్నాయంటే ఇక హైకోర్టు గట్టు కొలవదు. "సార్, ఆ జడ్జిగారు తప్పుగా నమ్మారు" అంటే సరిపోదు. ఏం చట్టం తప్పారు? ఆ ప్రశ్నని హైకోర్టు రాసుకుని మరీ వినాలి. మా గుమాస్తా ఒకాయన ఉండేవాడు, చట్టం చదువుకోలేదు కానీ చట్టం తెలిసినవాడు. సెకండ్ అప్పీలంటూ వచ్చినవాళ్లని వరండాలోనే అడిగేసేవాడు, "మీ బాధ చెప్పకండి, మీ ప్రశ్న చెప్పండి" అని.

ఆ తర్వాత సుప్రీంకోర్టు. స్పెషల్ లీవ్ పిటిషన్ అంటారు. లీవంటే సెలవు కాదండీ, అనుమతి. అప్పీలు వేసుకోనిస్తారా అని అడగడం. రాజ్యాంగంలో 136వ అధికరణం. అది మీ హక్కు కాదు, వాళ్ల ఇష్టం. చాలామటుకు ఒక్క లైనుతో కొట్టేస్తారు. అలా కొట్టేస్తే, హైకోర్టు తీర్పు కరెక్టని సుప్రీంకోర్టు ఒప్పుకున్నట్టు కాదు. మేం వినం అన్నారు, అంతే. 2000లో కేరళ నుంచి వెళ్లిన కున్హయమ్మద్ కేసులో ఇది తేల్చారు. గెలిచినాయన ఊళ్లో "సుప్రీంకోర్టే చెప్పింది" అని ఫ్లెక్సీ కట్టిస్తే నమ్మకండి.

క్రిమినల్ నా రంగం కాదు, రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, పోయి నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అప్పీలు పద్ధతులు మాత్రం చాలావరకు పాతవే. సెషన్సులో వేసే అప్పీలుకి 30 రోజులు, హైకోర్టుకి శిక్ష మీదైతే 60, ఉరిశిక్షైతే 30. ఉరిశిక్ష పడితే ముద్దాయి అప్పీలు వేసినా వేయకపోయినా హైకోర్టు ఖాయం చేయాల్సిందే. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి చేతికే అప్పీలు ఇవ్వొచ్చు, ఆయన పంపించాలి. ప్లీడరుని పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ పెడుతుంది. జైల్లో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేదు. 15100కి ఫోన్ చేయండి.

ఇంకొకటి మర్చిపోయాను. ఇది ఎవరూ చెప్పరు. అప్పీలు ఏళ్ల తరబడి ఉంటుంది, ఈలోగా మనుషులు పోతారు. అప్పీలు వేసినాయన పోయినా, అవతలాయన పోయినా 90 రోజుల్లో వారసుల పేర్లు ఎక్కించాలి. ఎక్కించకపోతే అప్పీలు అంతటితో ఆగిపోతుంది. తర్వాత 60 రోజుల్లో మళ్లీ తెరిపించుకోవచ్చు, దానికి కారణాలు చెప్పుకోవాలి. తండ్రి పోయిన దుఃఖంలో ప్లీడరుకి ఎవరు ఫోన్ చేస్తారు? చేయండి. పదకొండో రోజు కార్డు ప్లీడరుకి కూడా పంపండి. నేను చాలా కార్యాలకి వెళ్లి భోజనం చేసి, డెత్ సర్టిఫికెట్ అడిగి తెచ్చుకున్నాను. మొహమాటపడితే కేసు పోతుంది.

ఆ అబ్బాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నాడు. చెప్పు బాబూ. నీ దావాయేనా? మీ అమ్మగారిదా. ఏ కోర్టు? జూనియర్ సివిల్ జడ్జి. ఎప్పుడు కొట్టేశారు? అంటే ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. నకలుకి పెట్టారా? ... ఫోన్‌లో ఉంది అంటున్నాడు. ఇప్పటిదాకా నేను ఏం చెప్పానయ్యా? సరే, సరే, కూర్చో, కంగారు పడకు, ఇంకా నాలుగు రోజులున్నాయి. రేపు సోమవారం. పదిన్నరకల్లా కోర్టు దగ్గరికి వెళ్లి నకలుకి పెట్టు, పెట్టిన రోజు నుంచి లెక్క ఆగుతుంది. స్టాంపులు ఎప్పుడడిగితే అప్పుడు కట్టు, నకలు తయారైన రోజే తెచ్చుకో. ఆ మూడు నాలుగు రోజులు నీకు చాలా ఖరీదు. అమ్మగారి సంతకం వకాల్తా మీద కావాలి, ఇవాళ రాత్రే తీసుకో. మీ పాత ప్లీడరు గారి పేరేంటి? ఇక్కడొద్దులే, బయట చెప్పు. మైకు కట్టేయండి, ఈ కుర్రాడితో నేను విడిగా మాట్లాడాలి.